చూడడం విడివిడిగా, తినడం కలిసి: ఢిల్లీలో ఒక రోజు

ఢిల్లీలో ఒక్క రోజు మాత్రమే చేతిలో ఉన్న భార్యాభర్తలు ఆ రోజును ఎలా గడపాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి మాట చాలామందికి నచ్చదు. మ్యూజియం గుమ్మం దగ్గర ఇద్దరూ విడిపోండి, రెండు గంటల తర్వాత ఫలానా చోట కలుద్దామని చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళండి అంటాను. రెండో మాట మీద పెద్దగా పేచీ రాదు. ఆ రోజంతా ఏం తిన్నా ఒకే ప్లేటులో, ఎదురెదురుగా నిలబడో కూర్చునో కలిసి తినండి అన్నదే ఆ మాట. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఈ జనవరిలో మావారితో కలిసి గడిపిన ఒక రోజు నాకు నమ్మకం కలిగించింది.

పెళ్ళయిన కొత్తలో మేము ఢిల్లీ చూసింది ఒక టూరు బస్సులో. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఎనిమిది చోట్ల దించారు, ఎనిమిది చోట్ల ఎక్కించారు. జాతీయ మ్యూజియానికి 40 నిమిషాలు ఇచ్చారు. బృందంలో ముందు నడిచేవాడి వీపు, వెనుక నుంచి తొందర పెట్టే గొంతు తప్ప ఆ 40 నిమిషాలలో నాకు ఏమీ గుర్తు లేవు. భోజనానికి బస్సు ఆపిన చోట అన్నం, సాంబారు, అప్పడం పెట్టారు. ఆకలి తీరింది కానీ ఆ తిండి ఏ ఊరిదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఇంటికి వచ్చాక ఫొటోలు చూసుకుంటూ ఇది నువ్వు చూశావా, మీరు చూశారా అని ఒకరినొకరు అడిగితే ఇద్దరమూ చూసినవి అవే, చూడనివీ అవే. రెండు జతల కళ్ళు వెళ్ళి ఒక జతకు సరిపడా మాత్రమే తెచ్చుకున్నాయి. అప్పటి నుంచీ నా మనసులో ఆ లోటు ఉండిపోయింది.

ఈసారి ఎవరి బస్సూ ఎక్కలేదు. సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్‌లో మెట్రో దిగి, పొగమంచు ఇంకా విడవని రోడ్ల మీద నడుచుకుంటూ జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియానికి చేరాము. సోమవారం దానికి సెలవు కాబట్టి వెళ్ళేవాళ్ళు వారం చూసుకుని బయలుదేరడం మంచిది. ఈ మ్యూజియం పుట్టుక కూడా ఒక ప్రయాణం నుంచే మొదలయింది. 1947-48 శీతాకాలంలో లండన్‌లో జరిగిన భారతీయ కళా ప్రదర్శన కోసం దేశం నలుమూలల నుంచి సేకరించి పంపిన వస్తువులు తిరిగి వచ్చినప్పుడు, వాటిని మళ్ళీ ఎక్కడివక్కడికి పంపేముందు రాష్ట్రపతి భవన్‌లో ప్రదర్శించారు. ఆ ప్రదర్శనకు లభించిన ఆదరణ చూసి, దాన్నే శాశ్వతంగా నిలపాలన్న ఆలోచన వచ్చి, 1949 ఆగస్టు 15న మ్యూజియం ఆరంభమయింది. ఇప్పుడున్న భవనంలోకి 1960లో మారింది. ఐదు వేల సంవత్సరాల కాలానికి చెందిన రెండు లక్షలకు పైగా వస్తువులు దాని ఆస్తి. రెండు లక్షలు అన్న అంకె విన్నప్పుడే ఎవరికైనా ఒక విషయం తెలిసిపోవాలి. అన్నీ చూడాలన్న ఆశ వదులుకుంటే తప్ప ఒక్కటి కూడా చూడలేము.

గుమ్మం దగ్గర మావారికి నా ప్రతిపాదన చెప్పినప్పుడు ఆయన కాస్త నొచ్చుకున్నారు. "ఇంత దూరం కలిసి వచ్చింది విడివిడిగా తిరగడానికా?" అన్నారు. ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయలేను, ఎందుకంటే మనలో చాలామందికి ప్రయాణమంటే పక్కపక్కన ఉండడమే. ఇంట్లో ఉద్యోగాలు, పిల్లలు, పెద్దవాళ్ళ మందులు మధ్యన దొరకని సాన్నిహిత్యం ఊరు దాటితే దొరుకుతుందని బయలుదేరుతాము. కానీ ఒక వస్తువును చూడడమనేది మాట్లాడుకోవడం లాంటిది కాదు. ఆయన ముందు వివరం పలక చదువుతారు, ఆ తర్వాతే వస్తువు వైపు తల తిప్పుతారు. నేను ముందు చూస్తాను, చూసి చూసి ప్రశ్న పుట్టిన తర్వాతే చదువుతాను. ఇద్దరమూ పక్కపక్కన నిలబడితే ఆయన పైకి చదివే శతాబ్దం నా చెవిలో పడి నా చూపు ఆగిపోతుంది. నేను కదలకుండా నిలబడితే ఆయన మర్యాద కోసం నిలబడతారు, విసుగును దాచుకుంటారు, ఆ దాచుకోవడం నాకు తెలిసిపోయి నేను కదిలిపోతాను. ఇరవై రెండేళ్ళు కలిసి కాపురం చేసినవాళ్ళకు పక్కవాళ్ళ ఊపిరి కూడా ఒక కబురే కాబట్టి, పక్కన ఉన్నంతసేపూ మన చూపులో సగం వాళ్ళ మీదే ఉంటుంది. అందుకే ఆ రెండు గంటలూ దూరంగా ఉండాలన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

నేను ముందు హరప్పా గ్యాలరీలో నర్తకి దగ్గరకు వెళ్ళాను. మొహెంజొదారోలో 1926లో బయటపడిన కంచు బొమ్మ అది. పాఠ్యపుస్తకంలో ఆమె బొమ్మ చూసి ఊహించుకున్న ఎత్తు వేరు, ఎదుట ఉన్న ఎత్తు వేరు. పది సెంటీమీటర్ల పైన ఒక అరసెంటీమీటరు, అంతే. నా అరచేతిలో నిలబడగలదు. ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా గాజులతో నిండిపోయి ఉంటే, నడుము మీద ఆన్చిన కుడి చేతికి నాలుగే గాజులు. ముఖం కొద్దిగా పైకెత్తి, కనురెప్పలు సగం వాల్చి, ఎదుటివాళ్ళను లెక్కచేయని తీరులో నిలబడింది. ఆమె నిజంగా నర్తకే అని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఆ భంగిమను చూసి తవ్వినవాళ్ళు పెట్టిన పేరు స్థిరపడింది. మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పొదిగి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతిలో ఆమెను చేశారు. మన ఆదిలాబాద్ జిల్లాలో ఓజాలు డోక్రా బొమ్మలను పోసేది ఇప్పటికీ మైనపు పద్ధతిలోనే.

అక్కడి నుంచి నడుస్తూ ఒక రాతి ఫలకం ముందు ఆగిపోయాను. నాగార్జునకొండ, ఇక్ష్వాకుల కాలం, క్రీస్తుశకం 3వ శతాబ్దం. బుద్ధుడి జీవిత ఘట్టాలను చెక్కిన ఫలకం అది. సన్నని పొడవాటి మనుషులు ఒకరి భుజం మీదుగా మరొకరు తొంగిచూస్తూ కిక్కిరిసి ఉన్నారు, స్త్రీల కాళ్ళకు వరుసలు వరుసలుగా కడియాలు ఉన్నాయి. మా పుట్టిల్లు మాచర్ల. ఆ రాయి పల్నాటి సున్నపురాయి. పాలలో ఆకుపసరు ఒక చుక్క కలిపినట్టుండే ఆ రంగును నేను వివరం పలక చదవకముందే గుర్తుపట్టాను, ఎందుకంటే మా ఇంటి నేల నాపరాళ్ళదే, ఆ నేల మీదే పాకి పెరిగాను. కృష్ణానది మీద సాగర్ ఆనకట్ట కట్టాలని నిర్ణయించాక, ఆ లోయ మునిగిపోయేలోగా 1954 నుంచి 1960 వరకు హడావిడిగా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ఎక్కువ భాగాన్ని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు ఆ కొండే నీటి మధ్యన దీవి. అమరావతి రాళ్ళు లండన్‌కు, చెన్నైకి పోయాయని బాధపడుతూ పెరిగిన తరం మాది. ఢిల్లీలో, ఇంత చలిలో, మా ఊరి రాయి ముందు నేను ఒంటరిగా ఎంతసేపు నిలబడ్డానో లెక్క చూసుకోలేదు. పక్కన ఎవరైనా ఉంటే కళ్ళు తుడుచుకోవలసి వచ్చేది. లేరు కాబట్టి ఆ అవసరం రాలేదు.

అనుకున్న వేళకు గుండ్రటి వరండా దగ్గర మావారు నాకన్నా ముందే వచ్చి నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూస్తేనే ఏదో దొరికిందని తెలిసింది. ఒక్కొక్కరం ఒక్కటి మాత్రమే రెండోవాళ్ళకు చూపించాలని అప్పటికప్పుడు అనుకున్నాము. ఈ నియమాన్ని నేను అందరికీ గట్టిగా సిఫారసు చేస్తాను. రెండు గంటలు తిరిగి వచ్చినవాళ్ళు ఒక్కటే ఎంచుకోవాలంటే, తమకు ఏది పట్టిందో వాళ్ళకే అప్పుడు తెలుస్తుంది.

ఆయన నన్ను హరప్పా గ్యాలరీకే తిరిగి తీసుకువెళ్ళారు. నేను నర్తకి దగ్గరకు వెళ్ళే తొందరలో దాటిపోయిన ఒక అద్దాల పెట్టె ముందు ఆపారు. లోపల చెర్ట్ అనే గట్టిరాతితో చేసిన చిన్న చిన్న ఘనాలు ఉన్నాయి, నునుపుగా, అంచులు తిన్నగా, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు. అవి సింధు నాగరికత తూకాలు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు అంటూ ప్రతిదీ ముందుదానికి రెట్టింపుగా పెరుగుతాయి. ఈ వరుసలో పదహారు లెక్కకు వచ్చే తూకం సుమారు 13.6 గ్రాములు, అదే ఎక్కువగా దొరికింది. మా మామగారిది కిరాణా కొట్టు. మావారు బడి నుంచి వచ్చి తక్కెడ పట్టుకుని పెరిగిన మనిషి. "పడికట్టు రాళ్ళు అంటే నిజంగా రాళ్ళే చూడు" అన్నారు, చిన్నపిల్లాడి గొంతుతో. ఇనుముతో చేసిన కిలో తూకాన్ని కూడా మనం కిలో రాయి అని ఎందుకంటామో నేను ఎన్నడూ ఆలోచించలేదు. రూపాయికి పదహారణాల లెక్కకూ ఈ పదహారుకూ సంబంధం ఉందని నేను అనబోవడం లేదు. కానీ ఆయనకు తండ్రి గుర్తుకు వచ్చారు, ఆ గుర్తు రావడానికి ఆయనకు ఆ పెట్టె ముందు ఏకాంతం కావలసి వచ్చింది. నేను పక్కన ఉండి నర్తకి వైపు లాక్కుపోయి ఉంటే ఆ పెట్టెను ఇద్దరమూ దాటిపోయేవాళ్ళమే. ఆ తర్వాత నేను ఆయనను నాగార్జునకొండ ఫలకం దగ్గరకు తీసుకువెళ్ళి, ఏమీ చెప్పకుండా నిలబెట్టాను. చాలాసేపటికి "ఇది మీ ఇంటి నేల కదూ" అన్నారు.

నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనాలలో యుగే యుగీన్ భారత్ పేరుతో కొత్త జాతీయ మ్యూజియం ఏర్పాటవుతుందని 2023లో ప్రకటించారు. లక్షా 17 వేల చదరపు మీటర్లలో 950 గదులట. దేశానికి అంత పెద్ద మ్యూజియం ఉండడం నాకు సంతోషమే. అయితే గదులు పెరిగిన కొద్దీ హడావిడి కూడా పెరుగుతుందన్న భయం ఉంది, అప్పుడు ఈ విడిపోయి కలిసే పద్ధతి అవసరం ఇంకా ఎక్కువవుతుంది.

ఒంటిగంట దాటాక ఆకలి మొదలయింది. ఈ సమయానికి ఢిల్లీ వెళ్ళిన తెలుగువాళ్ళలో నూటికి తొంభైమంది కాళ్ళు ఆంధ్రాభవన్ వైపు తిరుగుతాయి. అక్కడి పప్పు, పచ్చడి, నెయ్యి మీద నాకూ ప్రేమే. నెల రోజులు ఢిల్లీలో ఉండవలసి వచ్చినవాళ్ళకు అది అమ్మ చేతి వంటే. కానీ ఒక్క రోజు కోసం వచ్చినవాళ్ళు ఆ ఒక్క పూటను కూడా మన అన్నానికే ఇచ్చేస్తే ఢిల్లీని కళ్ళతో చూసి నోటితో నిరాకరించినట్టే అవుతుంది. అందుకని పసుపు లైను ఎక్కి చాందినీ చౌక్‌లో దిగాము. షాజహాన్ కూతురు జహానారా 17వ శతాబ్దం నడుమ వేయించిన బజారు అది. నడుమ కాలువ పారేదని, మధ్యలోని కొలనులో వెన్నెల మెరిసేదని ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కాలువ లేదు, వెన్నెల పడే చోటూ లేదు, మనుషులు మాత్రం ఉన్నారు.

పరాఠేవాలీ గల్లీలో ఇద్దరమూ కలిసి ఒకే ప్లేటు తీసుకున్నాము. మనం పెనం మీద కాల్చే పరాఠా వేరు, అక్కడిది వేరు. లోతైన ఇనుప మూకుడులో నేతిలో పూరీలా వేయించి తీస్తారు. ఉల్లి, వెల్లుల్లి ఆ గల్లీ వంటలో ఉండవు. వడ్డించే కుర్రాడు పక్కన కూరలు పెడుతూ ఒకదాన్ని సీతాఫల్ అన్నాడు. మావారు ఆశగా చూశారు, సీతాఫలంతో కూర ఎలా చేస్తారా అని. నోట్లో పెట్టుకుంటే తియ్యటి గుమ్మడికాయ. ఢిల్లీలో గుమ్మడినే సీతాఫల్ అంటారు. ఒక పేరు దారిలో ఎక్కడో బండి మారి వేరే కాయకు అతుక్కుపోయిందన్నమాట. మ్యూజియంలో అయితే పేరు తప్పిపోకుండా పలక ఉంటుంది. ఇక్కడ పలక లేదు కాబట్టి ఇద్దరమూ కొరికి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని తెలుసుకోవలసి వచ్చింది.

కలిసి తినాలని నేను పట్టుపట్టడానికి ఇదే కారణం. వస్తువు ఎంతసేపైనా అక్కడే ఉంటుంది, నేను చూసి వచ్చాక ఆయన వెళ్ళి చూడవచ్చు. మూకుడులోంచి తీసిన పరాఠా అలా ఎదురుచూడదు. ఆ వేడి ఇద్దరి నోటికీ ఒకేసారి తగలాలి, లేకపోతే తర్వాత చెప్పి ప్రయోజనం లేదు. ఒక మనిషి కడుపు రెండు రకాలకే నిండిపోతుంది, ఇద్దరు సగం సగం తింటే నాలుగు రకాలు తెలుస్తాయి అన్న మామూలు లెక్క కూడా ఉంది.

ఇది శీతాకాలం కాబట్టే దొరికిన ఒక పదార్థం గురించి కాస్త ఆగి చెప్పాలి. దాని పేరు దౌలత్ కీ చాట్. చాట్ అన్న పేరే గానీ పులుపు, కారం ఉండవు. పాలను రాత్రి చలిలో ఉంచి, బాగా చిలికి, పైకి వచ్చే నురుగును మాత్రమే తీసి ఒక పళ్ళెంలో కుప్పగా పేరుస్తారు. పైన కుంకుమపువ్వు పసుపు రంగు, పొడి చక్కెర, పిస్తా ముక్కలు. వెదురు స్టాండు మీద పళ్ళెం పెట్టుకుని ఒకతను గల్లీ మొదట్లో నిలబడి ఉన్నాడు. చిన్న డొప్పలో ఒక గరిటెడు తీసి ఇచ్చాడు. చెంచా దిగిన చప్పుడు లేదు, నోట్లో పెట్టుకుంటే నమలడానికి ఏమీ లేదు, చల్లదనం తగిలి, పాల వాసన వచ్చి, తీపి మిగిలి, పోయింది. ఎండ ముదిరితే ఆ నురుగు కూలిపోతుంది, వేసవిలో అసలు చెయ్యలేరు. పొద్దున్న నేను చూసిన కంచు పిల్ల నాలుగున్నర వేల ఏళ్ళుగా చెయ్యి నడుము మీద నుంచి తియ్యలేదు. ఈ నురుగుకు మధ్యాహ్నం దాటే ఓపిక లేదు. రెండూ మనిషి చేతి పనే, రెంటినీ ఒక తరం మరొక తరానికి నేర్పితేనే వచ్చాయి. ఒకదాన్ని అద్దాల పెట్టె కాపాడుతుంది. రెండోదాన్ని కాపాడవలసినది వచ్చే జనవరిలో కూడా రాత్రంతా మేలుకుని పాలు చిలికే ఆ మనిషీ, డొప్ప పట్టుకుని అతని ముందు నిలబడే మనమూ.

మావారి కోరిక మీద అక్కడి నుంచి ఖారీ బావలీకి నడిచాము. ఉప్పునీటి దిగుడుబావి అన్న అర్థంలో ఆ పేరు, బావి ఇప్పుడు లేదు, మసాలా దినుసుల టోకు బజారు ఉంది. మిరపకాయల బస్తాల దగ్గర ఇద్దరికీ తుమ్ములు ఆగలేదు. ఒక బస్తా మీద గుంటూరు పేరు చూసి ఆగాము. ఢిల్లీ చాట్‌లో నాలుకను మండించే కారం మన నల్లరేగడి నేలల నుంచి కూడా వస్తోంది. ఆ మిరప మళ్ళీ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. పరాఠాలో కూరిన బంగాళాదుంపా అక్కడిదే. స్థానిక వంట అనే మాటను నేను ఎంతో ఇష్టంగా వాడతాను, కానీ దానిలో స్థానికమైనది దినుసు కాదు, చెయ్యి అని ఆ బస్తాల మధ్య నిలబడినప్పుడు అనిపించింది.

సాయంత్రానికి ఒక్క స్టేషను దూరంలోని కశ్మీరీ గేట్ వైపు వెళ్ళాము. దారా షికో గ్రంథాలయంగా పేరున్న పాత భవనంలో 2023లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. అక్కడ నేను చెప్పిన పద్ధతి పనిచేయలేదు, ఆ మాట దాచిపెట్టను. గుమ్మం దగ్గర విడిపోయాము, రెండో గదిలోనే కలిసిపోయాము. అక్కడ రాజులూ శిల్పాలూ ఉండవు. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న గిన్నెలు, బట్టలు, ఉత్తరాలు, వాళ్ళ గొంతులు ఉంటాయి. ప్రాణభయంతో పారిపోతూ కూడా వంటగిన్నెను వదలని ఆడవాళ్ళను తలచుకుంటూ ఒంటరిగా నిలబడలేకపోయాను. ఆయన చెయ్యి వెతుక్కున్నాను. కాబట్టి నా నియమానికి ఈ సవరణ రాసుకోండి. కళ మీద ఏకాంతం మంచిది, ఎదుటివాళ్ళ దుఃఖం మీద తోడు కావాలి.

1941 జనాభా లెక్కలలో ఢిల్లీ జనం 9 లక్షల 18 వేలు, 1951 నాటికి 17 లక్షల 44 వేలు. ఈ మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వచ్చినవాళ్ళు ఉన్నారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పశ్చిమ పంజాబు, సరిహద్దు ప్రాంతాల వాళ్ళు. ఈనాడు ఢిల్లీ తిండి అనగానే గుర్తుకు వచ్చే తందూరీ వంటలు, ఛోలే భటూరే వాళ్ళతో పాటే ఊరంతా వ్యాపించాయి. పెషావర్ నుంచి వచ్చినవాళ్ళు దర్యాగంజ్‌లో పెట్టిన మోతీ మహల్ తందూరీ కోడికి దేశమంతటా పేరు తెచ్చింది. ఆ మ్యూజియం చూసిన కళ్ళతోనే మేము ఛోలే భటూరే తిన్నాము, ఒక చిన్న కొట్టు ముందు, చలిలో, ఒకే స్టీలు ప్లేటు ఇద్దరమూ పట్టుకుని. నల్లగా ఉడికిన శనగలు, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిరప ఊరగాయ. ఉబ్బిన భటూరాను మావారు మధ్యకు చీల్చినప్పుడు ఆవిరి ఆయన కళ్ళజోడును కమ్మేసింది. ఆ కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఊరికి తిరిగి వచ్చాక మా ఆడపడుచు, కుతుబ్ మినార్ చూడలేదు, ఎర్రకోట లోపలికి వెళ్ళలేదు, ఇంకేం ఢిల్లీ వదినా అంది. ఆమె మాటలో న్యాయముంది. మ్యూజియంలో కూడా పై అంతస్తుల వైపు మేము కన్నెత్తి చూడలేదు. అయినా మళ్ళీ ఒక్క రోజే దొరికితే ఇదే రోజును ఇలాగే గడుపుతాను.

ఉగాదికి మాచర్ల వెళ్ళాము. తెల్లవారుజామున అమ్మ వసారా కడుగుతోంది. మావారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, తడిసిన నాపరాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతితో నీళ్ళు పక్కకు తోసి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా అల్లుడిగా తిరిగిన నేల అది. "తడిస్తే ఆ ఆకుపచ్చ బయటికి వస్తోంది, వచ్చి చూడు" అని నన్ను పిలిచారు. అమ్మ బిందె దించి, ఏం పోయిందోనని ఆయన పక్కన వంగి వెతకడం మొదలుపెట్టింది.